చిన్న డోజర్ నేర్చుకుందాం – 3వ పాఠం: బ్లేడుతో నేల చదును చేయడం

గత పాఠంలో డోజర్‌ని, అంటే ముందున్న బ్లేడుతో మట్టిని నెట్టే బండిని, ముందుకు, వెనక్కి నడపడం, ఉన్నచోటే తిప్పడం చూశాం. ఎడమ చేతి లివర్‌ని ఎటు నెడితే బండి అటు వెళ్తుంది, మధ్యలోకి (న్యూట్రల్‌కి) తెస్తే ఆగిపోతుంది. గేర్లు మార్చే పని లేదు, క్లచ్ లేదు. ఇంజన్ పంపులను తిప్పుతుంది, పంపులు ఆయిల్‌ని ప్రెషర్‌తో ఒక్కో ట్రాక్ (చక్రాల బదులు ఉండే గొలుసు పట్టా) మోటార్‌కి పంపుతాయి. అందుకే ఇలా ఆయిల్ ప్రెషర్‌తో నడిచే హైడ్రోస్టాటిక్ డోజర్‌ని నడపడం తొందరగానే వచ్చేస్తుంది. బ్లేడు మాత్రం అంత తొందరగా చేతికి రాదు. ఈ పాఠమంతా దాని గురించే.

కుడి చేతి లివర్‌ని వెనక్కి లాగితే బ్లేడు లేస్తుంది, ముందుకు నెడితే దిగుతుంది. పక్కలకు వంచితే టిల్ట్, అంటే బ్లేడు ఒక మూల కిందికి, ఇంకో మూల పైకి పోతుంది. యాంగిల్ కోసం, అంటే బ్లేడు ఒక చివర ముందుకి, ఇంకో చివర వెనక్కి తిప్పడానికి, కొన్ని బండ్లలో లివర్‌ని మెలితిప్పాలి, కొన్నిటిలో బటన్ ఉంటుంది. మీ బండి మాన్యువల్ చూడండి. లివర్‌ని ఎంత ఎక్కువ వంచితే బ్లేడు అంత వేగంగా కదులుతుంది. ఈ పాఠానికి మీకు కావలసింది చాలా చిన్న కదలిక. లివర్‌ని పిడికిలితో పట్టుకోకండి, వేళ్లతో పట్టుకోండి, మోచేయి ఆర్మ్‌రెస్ట్ మీద ఆనించండి. అలా ఆనించకపోతే బండి కుదుపుకి చెయ్యి ఊగి, బ్లేడు కూడా ఊగుతుంది.

లివర్‌ని ముందుకి చివరిదాకా నెడితే చాలా బండ్లలో టక్కుమని ఇంకో గాడిలో పడుతుంది. అది ఫ్లోట్. అప్పుడు బ్లేడుని ఆయిల్ పట్టి ఉంచదు, తన బరువుతో తానే నేల మీద పాకుతుంది. వెనక్కి వస్తూ వదులు మట్టిని సర్దడానికి బాగా పనికొస్తుంది. బ్లేడు గాల్లో ఉండగా ఫ్లోట్‌లో వేయకండి, ఒక్కసారిగా కింద పడుతుంది.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లు కోసిన నేల అలలు అలలుగా ఉంటుంది. దానికి కారణం బండి తీరులోనే ఉంది. రోడ్లు చదును చేసే గ్రేడర్‌కి బ్లేడు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు చక్రం గడ్డ ఎక్కినా బ్లేడు కొద్దిగానే లేస్తుంది. డోజర్‌కి బ్లేడు అన్నిటికంటే ముందుంది, దానికి ఆధారం వెనకున్న ట్రాకులే. ట్రాకుల ముందు భాగం చిన్న గడ్డ ఎక్కితే చాలు, ముక్కు లేస్తుంది, దాంతో పాటు బ్లేడూ లేస్తుంది. అక్కడ కోత తగ్గి ఇంకో గడ్డ మిగులుతుంది. బండి మొదటి గడ్డ దాటి ముందుకి వాలగానే బ్లేడు లోతుగా దిగి గుంట చేస్తుంది. కాసేపటికి ట్రాకులు ఆ గుంటలోకే వస్తాయి. బ్లేడు ఇప్పుడు కోసినదే కాసేపట్లో మీ బండికి రోడ్డు.

అందుకే మొదలుపెట్టే చోటు చాలా ముఖ్యం. ట్రాకులు రెండూ పూర్తిగా చదునుగా ఉన్న నేల మీద నిలబడేదాకా కోత మొదలుపెట్టకండి. అలాంటి చోటు లేకపోతే ముందు బండి పొడవంత నేలని ఓపిగ్గా సర్దుకోండి.

కోస్తున్నప్పుడు ముక్కు లేవడం కంటికి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. అది ముందు తెలిసేది సీటులో, మీ నడుముకి. బండి ముందు భాగం లేవబోతోందని అనిపించగానే బ్లేడుని కొద్దిగా దించండి. శిఖరం మీదికి వచ్చి ముందుకి వాలబోతుంటే కొద్దిగా లేపండి. చాలామంది లేచాక బాగా దించి, దిగాక బాగా లేపుతారు, అలలు తగ్గకపోగా పెరుగుతాయి. ఎటు సర్దాలో తెలియని క్షణంలో చెయ్యి కదపకుండా ఉండడమే మేలని నా అభిప్రాయం.

చూపు బ్లేడు మధ్యలో పెట్టకండి. మట్టి అక్కడ అంచుని కప్పేస్తుంది. ఒక మూలనీ, దాని ముందున్న నేలనీ చూడండి. బ్లేడు ముందు మట్టి ఒకే తీరుగా దొర్లుతుంటే కోత నిలకడగా ఉన్నట్టు. దొర్లడం ఆగి మట్టి గుట్టలా నిలబడిపోతే లోతు ఎక్కువైంది. ఇంజన్ శబ్దం బరువెక్కి బండి తానే నెమ్మదిస్తుంది, ఇంకా మొండికేస్తే ట్రాకులు జారతాయి. అప్పుడు కంగారుపడి బ్లేడుని పూర్తిగా లేపేస్తే కుప్పంతా అక్కడే మిగిలి, దాని మీదికి ట్రాకులు ఎక్కుతాయి. వెంట్రుకవాసి లేపండి, ట్రాకులు మళ్లీ పట్టు తెచ్చుకుంటాయి.

బండి అదే పనిగా ఒక పక్కకి లాగుతుంటే స్టీరింగ్‌తో కొట్లాడకండి. ఆ వైపు బ్లేడు మూల లోతుగా దిగి ఉండొచ్చు. టిల్ట్ సరిచేస్తే బండి తానే తిన్నగా వెళ్తుంది. రెండు వైపులా లోతు సమానంగా ఉన్నా లాగుతుంటే అప్పుడు స్టీరింగ్ వాడండి. హైడ్రోస్టాటిక్‌లో మలుపు తిరిగేటప్పుడు కూడా రెండు ట్రాకులకీ శక్తి అందుతూనే ఉంటుంది కాబట్టి లోడ్‌తో కొద్దికొద్దిగా తిరగొచ్చు. చదును చేసిన నేల మీద మాత్రం ఉన్నచోటే గిర్రున తిప్పకండి, ట్రాకులు నేలని చీరేస్తాయి.

వేగం గురించి ఒక్క మాట. పని చేసేటప్పుడు థ్రాటిల్ ఎక్కువలోనే ఉంచి, వేగాన్ని లివర్‌తోనో స్పీడ్ బటన్‌తోనో తగ్గించండి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే పంపుల నుంచి ఆయిల్ తక్కువగా వస్తుంది, బ్లేడు మందకొడిగా కదులుతుంది.

ఇక సాధన. మనుషులు, గొయ్యిలు, భూమిలో కేబుళ్లు లేవని తేల్చుకున్న ఖాళీ నేలలో పది మీటర్ల బారు తీసుకోండి. అతి తక్కువ వేగంలో రెండు మూడు సెంటీమీటర్ల లోతు మాత్రమే కోయండి. చివరిదాకా వెళ్లాక బ్లేడు నేల మీద పెట్టి, సేఫ్టీ లివర్ లాక్ చేసి, ఇంజన్ ఆపి దిగండి. ఈ వరుస ఎప్పుడూ తప్పొద్దు. కోసిన బారు మీద వంగి, పక్క నుంచి కళ్లు నేలకి దగ్గరగా పెట్టి చూడండి. సీటులోంచి కనబడని అలలు అక్కడ కనబడతాయి. అల ఎక్కడ మొదలైందో గుర్తుపట్టి, అదే బారు మీద మళ్లీ వెళ్లండి. ఈసారి గడ్డల నెత్తి మాత్రమే తగిలేలా బ్లేడు పట్టండి, గుంటలు వాటంతటవే పూడతాయి.

పక్క బారు తీసేటప్పుడు బ్లేడు కొంత భాగం మొదటి బారు మీదుగా వెళ్లాలి. బ్లేడు అంచుల నుంచి జారిన మట్టి గట్టులా మిగలకుండా ఉండేది అలాగే. రెండు బార్లు కలిసినచోట కాలికి మెట్టులా తగలకపోతే 4వ పాఠానికి రండి. అందులో వాలు నేల మీద నడపడం నేర్చుకుందాం.