ప్యాచ్‌లు ఉబ్బుతున్నాయా, స్టడ్స్ రాలుతున్నాయా? ముందు జాకెట్ లేబుల్ చదవండి

పంక్ వెస్ట్, అంటే చేతులు కోసేసిన డెనిమ్ జాకెట్ మీద ప్యాచ్‌లు (బొమ్మలో రాతలో ఉన్న గుడ్డ ముక్కలు) కుట్టి, స్టడ్స్ (లోహపు బొడిపెలు) దింపి, పెయింట్ వేసుకునేది. అది చేసుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి మూడే. ప్యాచ్ చుట్టూ బట్ట ముడతలు పడుతోంది, స్టడ్స్ ఊడిపోతున్నాయి, వీపు మీద పెయింట్ పగులుతోంది. ఈ మూడూ ఒకే వెస్ట్ మీద వస్తుంటే మీ కుట్టునీ పెయింట్‌నీ అనుమానించడం ఆపండి. జాకెట్ లోపల పక్క కుట్టులో చిన్న లేబుల్ ఉంటుంది, అది చదవండి. ఎలాస్టేన్, స్పాండెక్స్, లైక్రా, వీటిలో ఏ పేరు కనిపించినా అది సాగే డెనిమే, మూడూ ఒక రకం పోగుకే పేర్లు. 2 శాతమే కదా అని వదిలేస్తారు, ఆ 2 శాతం చాలు మొత్తం పాడవడానికి.

లేబుల్ కత్తిరించేసి ఉంటే వీపు భాగాన్ని అడ్డంగా 10 సెంటీమీటర్లు రెండు చేతులతో పట్టుకుని లాగండి. ఒక సెంటీమీటరు దాకా సాగి వదలగానే వెనక్కి పోతే సాగే బట్టే. అడ్డంగానే లాగాలి, ఎందుకంటే ఆ పోగు ఎక్కువగా పేకలోనే, అంటే అడ్డపోగుల్లోనే ఉంటుంది, నిలువుగా లాగి సాగట్లేదు అనుకుంటే మోసపోతాం.

నేనూ దీని దగ్గరే దెబ్బ తిన్నాను. ఒక వెస్ట్‌కి వెనక పెద్ద ప్యాచ్ మూడుసార్లు విప్పి కుట్టాను, దారం మార్చాను, సూది మార్చాను, ప్రతిసారీ కుట్టేటప్పుడు చక్కగానే ఉండేది, ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టగానే మధ్యలో బుడగలా లేచేది. కారణం తర్వాత తెలిసింది, మోకాలి మీద బిగించి పెట్టుకుని కుడుతున్నప్పుడు డెనిమ్ సాగి ఉంటోంది, ప్యాచ్ సాగదు, చెయ్యి వదలగానే డెనిమ్ ముడుచుకుంటోంది, మిగిలిన ప్యాచ్ పైకి లేస్తోంది. స్టడ్స్ కథా అంతే, వేసుకుని చేతులు ముందుకి చాచిన ప్రతిసారీ స్టడ్ కాలు (బట్టలోకి గుచ్చుకునే మొన) దిగిన రంధ్రం కొంచెం వెడల్పవుతుంది, కొన్నాళ్లకి కాలు జారిపోతుంది. పెయింట్ పగుళ్లు నిలువు గీతల్లా ఉన్నాయంటే ఇక డౌటే అక్కర్లేదు, బట్ట అడ్డంగా సాగుతోంది.

ఇంకా మొదలుపెట్టకపోతే నూరు శాతం కాటన్ జాకెట్ వెతుక్కోండి, అంతకు మించిన పరిష్కారం లేదు. ఇప్పటికే సగం పని అయిపోయిందా, అయితే వీపు లోపలివైపు సాగని మందపాటి కాటన్ బట్ట వెయ్యండి. ఆ బట్టని ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే తర్వాత అదే కుంచించుకుపోయి కొత్త ముడతలు తెస్తుంది. వెస్ట్‌ని బల్ల మీద లాగకుండా పరిచి, లోపలి బట్టని చుట్టూ కచ్చా కుట్టు వేసి నిలబెట్టి, అప్పుడు ప్యాచ్‌ని రెండు పొరలకీ కలిపి కుట్టండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ పోకండి. ముందు నాలుగు మూలలా ఒక్కో కుట్టు, తర్వాత నాలుగు అంచుల మధ్యలో, ఆ తర్వాత ఖాళీలు నింపాలి. దారానికి బదులు డెంటల్ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం) వాడితే చాలా గట్టిగా ఉంటుంది.

స్టడ్స్ వరసకి లోపల పాత తోలు ముక్కో కాన్వాస్ పట్టీయో పెట్టి కాళ్లు రెండింట్లోంచీ దింపండి, రంధ్రం ముందుగా కొయ్యొద్దు. కాళ్లని లోపలికి, ఒకదానికొకటి ఎదురుగా వంచి ప్లయర్‌తో నొక్కండి. పెయింట్ మాత్రం సాగే డెనిమ్ మీద నేరుగా వెయ్యకండి, విడిగా కాటన్ గుడ్డ మీద వేసి దాన్నే ప్యాచ్‌గా కుట్టండి. క్లోరిన్ బ్లీచ్ చుక్కలు చల్లే ఆలోచన ఉంటే మానుకోండి, బ్లీచ్‌కి ఆ సాగే పోగు దెబ్బతిని బట్ట వదులైపోతుంది.

లేబుల్ మీద నూరు శాతం కాటన్ అని ఉండి కూడా సమస్య వస్తోందా? ముడతలు మొదటి ఉతుకు తర్వాతే వచ్చాయంటే ప్యాచో జాకెట్టో రెండింట్లో ఒకటి ముందు ఉతకలేదు. స్టడ్స్ కుట్టుల మీద మాత్రమే రాలుతుంటే అక్కడ మడతలు ఎక్కువ, కాలు పొట్టి అయింది, పక్కకి జరపండి. పెయింట్ పగలకుండా పెచ్చులుగా లేస్తుంటే బట్టలో గంజో సాఫ్ట్‌నరో మిగిలింది, ఉత్త సబ్బుతో ఉతికి మళ్లీ వెయ్యండి, ఆరడానికి ఒక రోజు ఇచ్చి లోపలివైపు నుంచి ఇస్త్రీ చెయ్యండి. చంకల దగ్గర పోగులు అదుపు లేకుండా ఊడుతున్నాయంటే చేతుల్ని భుజం కుట్టుతో సహా కోసేశారు, ఆ కుట్టు వెస్ట్‌కే ఉండాలి, ఇప్పుడు అంచు చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు వేసుకోవడమే.

దారం నాసిరకం, సూది మొద్దుబారింది, ఇవి చాలా అరుదు, మార్చి చూడండి చాలు.

ఉతకాల్సి వస్తే లోపలివైపు పైకి తిప్పి చన్నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా పరిచి ఆరబెట్టండి. హ్యాంగర్‌కి తగిలిస్తే తడి బట్ట స్టడ్స్ బరువుకి భుజాల దగ్గర సాగిపోతుంది.