చిన్న ఇల్లు గీద్దాం – 3వ పాఠం: నడవ లేని ఇల్లు

మొదటి పాఠంలో స్థలం కొలిచాం, రెండో పాఠంలో చుట్టూ వదలాల్సిన ఖాళీ తీసేశాం. మన ఉదాహరణ స్థలం విశాఖలో మధురవాడ వైపు 120 గజాలది. వెడల్పు 27 అడుగులు, పొడవు 40 అడుగులు, రోడ్డు ఉత్తరాన. అందులో ఇంటికి మిగిలింది 22 × 26, అంటే 572 చదరపు అడుగులు. ఈ పెట్టెలో హాలు, రెండు పడకగదులు, వంటగది, బాత్రూమ్ పట్టించడమే ఈ వారం పని.

పట్టవేమో అని భయపడకండి. ఇంతకంటే చిన్న దాంట్లో పట్టించినవాళ్ళున్నారు. 1929 తర్వాత అమెరికాలో మాంద్యం వచ్చి ఇళ్ళ పని ఆగిపోయింది. 1934లో అక్కడి ప్రభుత్వం ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పెట్టి, ఇంటి అప్పులకు బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న ఇల్లు ఎలా ఉండాలో 1936లో నమూనా ప్లాన్లు కూడా ఇచ్చింది. వాటిలో అన్నిటికంటే చిన్నది 534 చదరపు అడుగులు, రెండు పడకగదులతో. ఈ తరహా ఇళ్ళను తర్వాత మినిమల్ ట్రెడిషనల్ అన్నారు. ఒకే అంతస్తు, వంకరలు లేని గోడలు, దాదాపు నగిషీ లేని ముఖం. డబ్బు లేని రోజుల్లో పుట్టినా ఆలోచన మాత్రం చాలా గొప్పది. అందుకే మీచేత అలాంటిదే గీయిస్తున్నాను.

ముందు ఆకారం. ఇదే 572 చదరపు అడుగులను 13 × 44గా కట్టారనుకోండి. బయటి గోడ చుట్టుకొలత 114 అడుగులు. మన 22 × 26కి 96. అంటే 18 అడుగుల గోడ మిగిలింది. పది అడుగుల ఎత్తుకి 180 చదరపు అడుగుల ఇటుక పని, రెండు వైపులా ప్లాస్టరింగ్, రంగు, అన్నీ మిగిలినట్టే. చతురస్రానికి దగ్గరగా ఉన్న కొద్దీ గోడ తగ్గుతుంది.

ఇక అసలు సంగతి, నడవ. మూడడుగుల నడవ ఇంటి పొడవునా 24 అడుగులు వేస్తే 72 చదరపు అడుగులు పోతాయి. జాతీయ భవన నిర్మాణ కోడ్ రెండో గదికి అడిగే కనీసం 7.5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 81 చదరపు అడుగులు. నడవ పేరుతో మనం దాదాపు ఒక గదికి సరిపోయేంత చోటు వదిలేస్తున్నాం. గోపాలపట్నంలో మా పాత ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ నడవలో చెప్పుల స్టాండు తప్ప ఏదీ పట్టేది కాదు, పిల్లలు మాత్రం హాల్లో మంచం వేసుకుని చదువుకునేవాళ్ళు. ఇప్పటికీ బాధనిపిస్తుంది.

గళ్ళ కాగితం తీయండి. ఒక గడి ఒక అడుగు. బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. రోడ్డు వైపు నిలబడి ఇంటిని చూస్తున్నట్టు గీయండి. కుడి పక్క ముందు హాలు 10 × 14, దాని వెనక నైరుతిలో పెద్ద పడకగది 10 × 10. ఎడమ పక్క ముందు రెండో పడకగది 10 × 10, చివర ఆగ్నేయంలో వంటగది 10 × 8½. ఆ రెండింటి మధ్య ఐదడుగుల పట్టీ మిగులుతుంది. అందులో బయటి గోడకు ఆనించి 5 × 6½ బాత్రూమ్ పెట్టండి. హాలు వైపు మిగిలిన మూడడుగుల చోటే మన నడవ మొత్తం, పదిహేను చదరపు అడుగులు. బాత్రూమ్, వంటగది తలుపులు దానిలోకి తెరుచుకుంటాయి. పడకగదులు రెండూ నేరుగా హాల్లోకే.

బాత్రూమ్‌కీ వంటగదికీ ఒకే గోడ వచ్చింది చూశారా? నీళ్ళ పైపులన్నీ ఆ గోడ దగ్గరే ఉంటాయి. రేపు లీకైనా వెతకడానికి టెన్షన్ ఉండదు. వంటగదికి పెరట్లోకి ఒక తలుపు పెట్టండి, గిన్నెలు కడగడానికీ బట్టలు ఆరేయడానికీ అదే దారి.

ఒక్క విషయంలో మాత్రం ఆ అమెరికా ఇంటిని అనుసరించకండి. ఖర్చు తగ్గించడానికి వాళ్ళు పైకప్పు చూరును గోడకు దాదాపు సమానంగా కోసేశారు. విశాఖ ఎండకి, ఏటవాలుగా కొట్టే వానకి అది పనికిరాదు. ప్రతి కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ ఉండాల్సిందే. ముఖ్యంగా పడమటి గోడకు, హాలూ పెద్ద పడకగదీ రెండూ అటే ఉన్నాయి కాబట్టి. వేసవి గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది. పెద్ద పడకగదికి దక్షిణాన ఒక కిటికీ, హాలుకి ఉత్తరాన ఒకటి ఎదురెదురుగా పెడితే, మధ్య తలుపు తీసినప్పుడు గాలి ఇల్లంతా తిరుగుతుంది. రేకుల కప్పు చవక కదా అనిపించినప్పుడు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిన రేకుల్ని గుర్తు చేసుకోండి. మనం స్లాబే వేద్దాం.

ఈ వారం అభ్యాసం: గీసిన ప్లాన్‌ను మేడ మీదో ఖాళీ స్థలంలోనో ముగ్గుపిండితో అసలు కొలతల్లో వేయండి, మేస్త్రీలు ముగ్గు పోసినట్టే. పడకగది గీతల మధ్య మీ మంచమంత చాప పరచండి. ఇంట్లో అందర్నీ, ముఖ్యంగా వంట చేసేవాళ్ళను, అందులో నడవమనండి. ఎక్కడ ఒకరికొకరు అడ్డం వస్తున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. తలుపు ఎటు తెరుచుకోవాలో అక్కడే తేలుతుంది. ఆ గుర్తులున్న కాగితాన్నే నాలుగో పాఠానికి దగ్గర పెట్టుకోండి, తలుపులూ కిటికీలూ దాని మీదే గీస్తాం.