బెట్టను తట్టుకునే బొబ్బర్లు, రాజ్మా రకాన్ని ఆకు తూకంతో తేల్చడం

గుణుపురం, రాయగడ వైపు కొండవార మెట్టల్లో పూత వేళ వాన ముఖం చాటేస్తే బొబ్బర్లు, రాజ్మా మధ్యాహ్నానికి ఆకులు నిలబెట్టేస్తాయి. అంచు మాత్రమే సూర్యుడికి చూపి వేడి తప్పించుకుంటాయి. అది వడలిపోవడం అనుకుని రకాన్ని తీసిపారేయకండి. ఆకులో నీరెంతుందో తూచండి.

రకానికి 8 కుండీలు, అన్నింట్లో ఒకే బరువు మట్టి. పూత మొదలవగానే నాలుగు కుండీలకు నీళ్లు ఆపండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గుబురు మొక్క తన కుండీని త్వరగా ఎండగట్టేస్తుంది, చిన్న మొక్క కింద మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. అప్పుడు మనం పోల్చేది రకాలను కాదు, మట్టి తేమను. రోజూ సాయంత్రం కుండీలు తూచి, ఎక్కువ తగ్గినవాటికి ఆ తేడా మేరకే నీళ్లు పోయండి.

పగలు 12–1 మధ్య, పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకులో ఉండే మూడు చిన్నాకుల్లో నడిమిది కోయండి. వెంటనే జిప్ కవర్లో వేసి, ఐసు తగలకుండా థర్మోకోల్ పెట్టెలో ఉంచి, గంటలోపు తూచండి. మిల్లీగ్రాము చూపే కాటా కావాలి. కంసాలి కాటా 10 మిల్లీగ్రాములే చూపిస్తే ఐదారు ఆకులు కలిపి తూచండి.

తర్వాత బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో, నీడలో, 4 గంటలు తేలనివ్వండి. రాత్రంతా వదిలేస్తే ఆకు లోపలి ఖాళీల్లోకీ నీరు చేరి శాతం తక్కువ వస్తుంది. పైతడి సరిగా అద్దకపోయినా అంతే. అద్ది తూచాక ఓవెన్‌లో 80 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి, మూత డబ్బాలో చల్లార్చి మళ్లీ తూచండి. వానాకాలంలో ఎండుటాకు బయటి తేమను ఇట్టే పీల్చేస్తుంది.

పచ్చి బరువు 0.52 గ్రాములు, నీరు తాగాక 0.64, ఎండాక 0.10 అనుకోండి. పచ్చి బరువులోంచి ఎండు బరువు తీస్తే 0.42, నీరు తాగిన బరువులోంచి తీస్తే 0.54. 0.42ను 0.54తో భాగించి 100తో హెచ్చిస్తే 78. ఇదే సాపేక్ష నీటి శాతం. నీళ్లు పెట్టిన కుండీల్లోనే 80 దాటకపోతే తప్పు మొక్కది కాదు, కవరునీ అద్దడాన్నీ సరిచూసుకోండి.

బొబ్బర్లు పత్రరంధ్రాలు త్వరగా మూసుకుని నీటిని దాచుకుంటాయి కాబట్టి రకాల మధ్య తేడా తక్కువే కనిపించవచ్చు. నీరు దాచుకున్న మొక్క గింజ కట్టాలనీ లేదు. అందుకే చివర్లో రకానికి 20 ఎండు కాయలు తూచి, ఒలిచి, గింజలను మళ్లీ తూచండి. గింజల బరువును కాయల బరువుతో భాగించి 100తో హెచ్చిస్తే గింజ శాతం. కొలంబియాలోని సియాట్ అనే పంటల పరిశోధనా సంస్థవారు రాజ్మా రకాలను బెట్టకు పరీక్షించడంలో ఈ గింజ శాతాన్నే గట్టిగా చూస్తారు. నీళ్లు పెట్టినప్పుడు 75 ఉన్నది బెట్టలో 72 దగ్గర నిలిస్తే ఆ విత్తనం దాచండి. 55కి పడితే, ఆకు ఎంత పచ్చగా ఉన్నా పక్కన పెట్టేయండి.