పేజీలు ఊడిపోతున్న పుస్తకానికి ఇంట్లోనే గట్టి బైండింగ్

బైండింగ్ అనగానే అందరూ ముందు రెక్సిన్ ఏ రంగు వేయాలా అని చూస్తారు గానీ, పుస్తకం నిలిచేది వెన్ను దగ్గర. అక్కడ పేజీలు ఒకదాన్నొకటి పట్టుకుని లేకపోతే పైన ఎంత ఖరీదైన అట్ట వేసినా నాలుగు రోజులకు మళ్లీ చేతికొస్తాయి.

కాబట్టి ముందు పుస్తకాన్ని పైఅంచు వైపు నుంచి చూడండి. వెన్ను దగ్గర కాగితాలు మడతపడి చిన్న చిన్న కట్టలుగా కనిపిస్తే అది ఫారాలు మడిచి కుట్టిన పుస్తకం, మీ అదృష్టం. పాత దారం కత్తిరించి, మడత దగ్గర చిరిగిన చోట పలుచటి కాగితం పట్టీ అంటించి, పాత రంధ్రాల్లోంచే మైనం రాసిన గట్టి నూలు దారంతో తిరిగి కుట్టండి. కొత్త రంధ్రాలు పొడిస్తే మడత ఇంకా బలహీనపడుతుంది.

ఇప్పుడొచ్చే నవలలు చాలావరకు అలా ఉండవు. వెన్ను కోసేసి వేడి జిగురు పూసినవే, జిగురు ఎండి పెళుసుబారితే పేజీలు రాలతాయి. వీటికి బజారులో చాలామంది పక్క కుట్టు వేసేస్తారు, అంటే దబ్బనంతో పక్కనుంచి పొడిచి దారం లాగడం. గట్టిగానే ఉంటుంది, ఆఫీసు రికార్డులకూ పరీక్షల మెటీరియల్‌కూ బాగుంటుంది, కానీ లోపలి మార్జిన్‌లో దాదాపు సెంటీమీటరు తినేస్తుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, అసలే మార్జిన్ తక్కువున్న పాత నవలైతే లైన్ల మొదటి అక్షరాలు కుట్టులోకి వెళ్లిపోతాయి.

దానికి బదులు ఇలా చేయండి. పాత అట్ట తీసేసి, వెన్ను మీది జిగురును హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే మెత్తబడుతుంది, గీకేయండి. పేజీలన్నీ వరుసలో పెట్టి, మందపాటి కాగితం మడిచి ముందొకటి వెనకొకటి ఎండ్ పేపర్లుగా (చివర్లో అట్ట లోపలి వైపుకు అంటుకునేవి ఇవే), వెన్ను అంచున 3 మి.మీ. జిగురుతో అంటించండి. కట్టను వెన్ను వైపు సర్ది, సాండ్ పేపర్‌తో వెన్నును కొంచెం గరుకు చేసి, వెన్నుకు దూరంగా రెండు చెక్కల మధ్య బిగించండి. ఇప్పుడు వెన్ను వైపు పేజీలను ఒక పక్కకు వంచితే పేకముక్కలు పరిచినట్టు ప్రతి పేజీ అంచూ కొద్దిగా బయటికొస్తుంది, దాని మీద ఫెవికాల్ పలుచగా పూయండి. తర్వాత రెండో పక్కకు వంచి మళ్లీ పూయండి. అలా ప్రతి కాగితానికీ రెండు వైపులా జిగురు అందుతుంది, అసలు బలం అదే. వెంటనే కట్టను నిటారుగా సర్ది, వెన్ను మీద బ్యాండేజీ గుడ్డలాంటి పలుచటి నూలు గుడ్డ, రెండు పక్కలా 2.5 సెం.మీ. మిగిలేలా అంటించి, వెన్ను దగ్గర కూడా బిగించి రాత్రంతా వదిలేయండి. తొందరపడి తెరవొద్దు.

జిగురు సంగతి. వెన్నుకు ఫెవికాల్ మంచిది, ఎండాక కూడా వంగుతుంది. కాగితం పట్టీలకూ, అపురూపమైన పాత పుస్తకాలకూ మాత్రం ఉడికించిన మైదా జిగురే వాడండి, ఎందుకంటే రేపు ఇంకెవరైనా విప్పాల్సివస్తే తడిపితే ఊడుతుంది, ఫెవికాల్ ఊడదు. ఒక వంతు మైదాకు నాలుగైదు వంతుల నీళ్లు, ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద పారదర్శకంగా అయ్యేదాకా తిప్పడమే. పురుగు పట్టకుండా బైండర్లు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, వేస్తే ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలు వేయకపోవడమే మేలు. సెల్లోటేపు మాత్రం ఎక్కడా వద్దు, దాని జిగురు కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది.

అట్టకు 2.5 మి.మీ. బోర్డు తీసుకోండి. కోసే ముందు రెండు వైపులా వంచి చూడండి, ఒక వైపు తేలిగ్గా వంగుతుంది. ఆ వంపు గీత వెన్నుకు సమాంతరంగా ఉండాలి, ఎండ్ పేపర్లకూ ఇదే లెక్క. అడ్డంగా పెడితే జిగురు తడికి అట్ట పైకి లేచిపోతుంది, వానాకాలమైతే మరీను.

కొలతలకు ఒక ఉదాహరణ: పేజీ 14 × 21.6 సెం.మీ., మందం 2 సెం.మీ. అనుకుంటే, అట్టలు రెండూ 13.7 × 22.2, వెన్ను పట్టీ 2.5 × 22.2. పట్టీకీ అట్టకూ మధ్య రెండు వైపులా 7 మి.మీ. ఖాళీ వదలాలి, అట్ట తిరిగేది అక్కడే. చుట్టూ 2 సెం.మీ. లోపలికి మడవడానికి కలుపుకుంటే అట్టల మీద వేసే కాలికో గుడ్డ (బైండింగ్‌కు వాడే నూలు గుడ్డ) 35.3 × 26.2 కావాలి. గుడ్డ మీద అట్టలూ పట్టీ అంటించి, అంచులు లోపలికి మడిచే ముందు గుడ్డ మూలలు కోసేటప్పుడు బోర్డు మూల అంచుదాకా కోయకండి, బోర్డు మందానికి కాస్త ఎక్కువే వదలండి, లేకపోతే మూలలో బోర్డు బయటపడుతుంది.

చివరగా పుస్తకాన్ని అట్టలో పెట్టి, నూలు గుడ్డ రెక్కలను ఎండ్ పేపర్ కింద పడేసి, ఎండ్ పేపర్‌కు పలుచగా జిగురు పూసి అట్ట మూయండి. తడి లోపలి పేజీలకు పాకకుండా రెండు వైపులా ప్లాస్టిక్ షీటు పెట్టి, పైన నాలుగైదు లావుపాటి పుస్తకాలు పేర్చి, ఒక పూర్తి రోజు అలా ఉంచండి. ఎండలో మాత్రం పెట్టకండి, త్వరగా ఆరుతుంది గానీ అట్ట వంకర తిరిగిపోతుంది.