సాల్మన్ ఎర ముట్టడం లేదా? ముందు నీటి వేడి కొలవండి

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సెబేగో, మూస్‌హెడ్ వంటి సరస్సుల్లో సముద్రానికి వెళ్లకుండా మంచినీటిలోనే బతికే అట్లాంటిక్ సాల్మన్ ఉంటుంది. దాని కోసం వచ్చేవారు నన్ను మొదట అడిగేది ఎర రంగు గురించే. ఆ ఎర తిరిగే లోతులో నీరు ఎంత చల్లగా ఉందో కొలిచి వచ్చినవారు మాత్రం చాలా అరుదు.

సమస్య: మంచు కరిగిన కొత్తలో చేపలు పైపైన ఎగురుతున్నా ఎర ముట్టవు.
ఎర మరీ లోతుగా పోతోంది. ఆ రోజుల్లో పైనుంచి కిందిదాకా నీరు దాదాపు ఒకే చల్లదనంతో ఉంటుంది. స్మెల్ట్ అనే చిన్న చేపలు గుడ్లు పెట్టడానికి వాగులు కలిసే చోటికి వస్తాయి, సాల్మన్ వాటిని వెంబడిస్తుంది. బరువులు తీసేసి, స్ట్రీమర్‌ను (చిన్న చేపలా కనిపించే ఈకల ఎరను) అక్కడే పైభాగంలో లాగండి.

సమస్య: జూలైలో, నిన్న చేపలు పడిన లోతులోనే ఈరోజు ఒక్కటీ పడదు.
నన్ను ఎక్కువగా దెబ్బతీసినది ఇదే. వేసవిలో వెచ్చని నీరు పైన, చల్లని నీరు కింద విడిపోయి, మధ్యలో వేడి ఒక్కసారిగా పడిపోయే పొర ఏర్పడుతుంది. సాల్మన్‌కు ఇష్టమైన 55 డిగ్రీల ఫారెన్‌హీట్ నీరు ఆ పొర దగ్గర దొరుకుతుంది. అయితే ఆ పొర ఒకే లోతులో నిలిచి ఉండదు. రోజంతా పడమటి గాలి వీస్తే పైనున్న వెచ్చని నీరు తూర్పు ఒడ్డుకు చేరి పోగవుతుంది, దాని బరువుకు అక్కడ చల్లని పొర కిందికి దిగుతుంది, పడమటి ఒడ్డున పైకి లేస్తుంది. ఒకసారి తూర్పు ఒడ్డున 35 అడుగుల లోతులో నాలుగు గంటల పాటు ఎరలు మారుస్తూ తిరిగాను. చివరికి కొలిస్తే అక్కడ 65 డిగ్రీలుంది, 55 డిగ్రీల నీరు 60 అడుగులకు దిగిపోయింది.

పరిష్కారం ఖరీదైనది కాదు. మూతకు రంధ్రాలు చేసిన చిన్న ప్లాస్టిక్ సీసాలో థర్మామీటర్ పెట్టి, కింద బరువు కట్టి, అయిదడుగులకొక ముడి వేసిన తాడుతో దింపండి. రెండు మూడు నిమిషాలు ఆగి చకచకా పైకి లాగితే, సీసాలో నిలిచిన నీటి వల్ల అంకె అంతగా మారదు. 55 ఎక్కడ కనిపిస్తే ఎర అక్కడ ఉండాలి. లెడ్ కోర్ తాడు (లోపల సీసం తీగ ఉండి, పది గజాలకొక రంగు మారే గాలపు తాడు) వాడేవారు నెమ్మదైన వేగంలో, వదిలిన ఒక్కో రంగుకు సుమారు 5 అడుగుల లోతు చొప్పున లెక్క వేసుకోవచ్చు. పడవ వేగం పెంచితే ఎర పైకి తేలుతుంది. గాలి ఆగాక పొర మళ్లీ ఊగుతూ వెనక్కి వస్తుంది కాబట్టి, రెండు గంటలకొకసారి తిరిగి కొలవండి.

సమస్య: తగిలిన చేప గాల్లోకి ఎగిరి తప్పించుకుపోతుంది.
డ్రాగ్ (చేప లాగినప్పుడు రీలు నుంచి తాడు ఎంత తేలిగ్గా వదలాలో నిర్ణయించే బిగింపు) బిగుతుగా ఉంది. వదులు చేయండి.

సమస్య: సెప్టెంబరు చివర సరస్సులో చేపలు కనిపించవు.
అవి గుడ్లు పెట్టడానికి నదుల వైపు కదులుతున్నాయి. మీరూ అటే వెళ్లాలి. మెయిన్‌లోనే ఉన్న గ్రాండ్ లేక్ స్ట్రీమ్ అనే ఏటిలో ఫ్లై ఫిషింగ్‌కు (ఈకలు, దారాలతో కట్టిన తేలికైన ఎరను విసిరి పట్టడానికి) మాత్రమే అనుమతి ఉంది, మిగతా చోట్ల ఆ సంవత్సరపు నిబంధనలు చూసుకోండి.

చంద్రకళలు, తాడు రంగు వంటివి కారణాలయ్యేది ఎప్పుడో ఒకసారి. థర్మామీటర్ దింపి చూశాక మాత్రమే వాటి గురించి ఆలోచించండి.