ఆండ్రాయిడ్ పాఠాలు, 7వ భాగం: గేజ్ బొమ్మను ఎవరు గీయాలి?

కిందటి భాగంతో మన సాగర్ నీటిమట్టం యాప్‌లో తేదీల జాబితా పూర్తయింది. కానీ మిర్యాలగూడ వైపు ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్లకు అంకె ఒక్కటే చాలదు, డ్యామ్ ఎంత నిండిందో కంటికి కనబడాలి. అందుకే ఈసారి గేజ్ బొమ్మ. దీన్ని కాన్వాస్ మీద, అంటే గీతలూ ఆకారాలూ కోడ్‌తో గీసుకునే ఖాళీ పలక మీద, మనమే గీయాలా, ఆండ్రాయిడ్ తెరలు కట్టిపెట్టే గూగుల్ పనిముట్టు జెట్‌ప్యాక్ కంపోజ్‌కి అప్పజెప్పాలా?

కంపోజ్ 1.0 వచ్చింది 2021 జులైలో. ఐఫోన్ యాప్‌లకు ఇలాంటిదే అయిన స్విఫ్ట్‌యూఐని ఆపిల్ 2019లోనే ప్రకటించింది. రెండింటి పద్ధతీ ఒకటే. మట్టం ఇంతైతే తెర ఇలా ఉండాలని రాసిపెడతాం. అంకె మారినప్పుడు తెర మార్చే పూచీ వాటిది. కాన్వాస్ దగ్గరైతే గీత ఎక్కడ మొదలవ్వాలి, వేలు దేనిమీద తగిలింది, అంతా మన లెక్కే.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు కాన్వాస్ అంటే మోజెక్కువ. జాబితా కూడా అందులోనే గీస్తామంటారు. గీయొచ్చు, కానీ స్క్రోలింగ్ మీరే రాయాలి. తెర మీదున్నది చదివి వినిపించే, చూపులేనివాళ్లు వాడే టాక్‌బ్యాక్‌కి ఆ బొమ్మలో ఏముందో తెలియదు, విడిగా చెప్పాలి. తెలుగు అక్షరాలతో ఇంకో తంటా: 'నాగార్జునసాగర్'ని ఒక్కో యూనికోడ్ గుర్తుగా విడగొట్టి గీస్తే 'ర్జు' ముక్కలైపోతుంది. పదం మొత్తాన్ని ఒకేసారి ఇవ్వాలి. పొడుగు వాక్యాన్ని వరసలుగా విరవాలంటే మళ్లీ వేరే పని. ఇవన్నీ కంపోజ్ టెక్స్ట్‌లో ఊరికే వస్తాయి.

కాబట్టి నా లెక్క ఇది: చదివేదీ నొక్కేదీ కంపోజ్‌కి, రెడీమేడ్‌గా దొరకని ఆకారం మాత్రం కాన్వాస్‌కి. యాప్ మొత్తానికి ఒకటే ఎంచుకోవాలన్న టెన్షన్ వద్దు. కంపోజ్ లోపలే కాన్వాస్ ఉంది, కంపోజ్ చివరికి గీసేదీ కాన్వాస్ మీదే. తెరంతా ఆకారాలే అయితే, ఉదాహరణకు పోచంపల్లి చిటికీ (ఇక్కత్) డిజైన్‌కి గ్రాఫ్ గళ్లు నింపే యాప్‌లో, కాన్వాస్ వాటా సహజంగానే పెరుగుతుంది.

ఇక గేజ్. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. మధ్యలో 80. ఈరోజు 570 అనుకోండి: 570లోంచి 510 తీసేస్తే 60, దాన్ని 80తో భాగిస్తే 0.75. పెట్టె ఎత్తు 400 పిక్సెళ్లైతే నీలం రంగు 300 పిక్సెళ్లు నిండాలి. అయితే తెర మీద సున్నా పైన ఉంటుంది, కిందికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. కాబట్టి నీలం దీర్ఘచతురస్రం 100 దగ్గర మొదలై 400 దాకా రావాలి. ఇది తిరగేస్తే డ్యామ్ తలకిందులవుతుంది!

నీళ్లు మెల్లగా పైకెక్కుతున్నట్టు యానిమేషన్ పెడితే ఒక జాగ్రత్త. 60 హెర్ట్జ్ తెర మీద, అంటే సెకనుకు 60 బొమ్మలు (ఫ్రేమ్‌లు) చూపే తెర మీద, ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది సుమారు 16.6 మిల్లీసెకన్లే. మారే విలువను కాన్వాస్ బ్లాక్ లోపల చదవండి, అప్పుడు గీసే దశ ఒక్కటే మళ్లీ నడుస్తుంది. బయట చదివితే ప్రతి ఫ్రేమ్‌కీ ఆ ఫంక్షన్ మొదటి నుంచి నడుస్తుంది, పాత ఫోన్లలో బొమ్మ కుంటుతుంది.

అభ్యాసం: ఇదే గేజ్‌ని జూరాలకు వాడండి. అక్కడ లెక్క మీటర్లలో, పూర్తి మట్టం 318.516. 590, 510లను కోడ్‌లో పాతేసి ఉంటే ముందు వాటిని బయటికి లాగి, ఫంక్షన్‌కి బయటి నుంచి అందించండి. టాక్‌బ్యాక్‌కి ఇచ్చే వాక్యంలో 'అడుగులు' మార్చడం మరిచిపోకండి.