ఫోన్లతో పెళ్లి వీడియో: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

బెజవాడలో మండపం అద్దె, భోజనాలు, మేళం పోగా వీడియోకి మిగిలేది అంతంత మాత్రం. రెండు మూడు ఫోన్లు, ఒక ట్రైపాడ్, విసుక్కోని బావమరిది ఒకడు ఉంటే ఇంట్లోవాళ్లే తీసుకోవచ్చు. బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా చుట్టాలు సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం ఐదు నిమిషాలకే లేచిపోతారు. అందుకే ముందు సౌండ్ సంగతి.

మంత్రాలు వినపడవు, డోలు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంది

పెద్ద శబ్దం రాగానే ఫోన్ తనంతట తానే మైకు స్థాయి తగ్గించేస్తుంది. గట్టిమేళం ఆగాక కూడా వెంటనే పెంచదు. ఈలోపు పంతులుగారు చదివింది సగం పోతుంది. దూరంగా ట్రైపాడ్ మీద ఉన్న ఫోన్‌తో ఇది ఎప్పటికీ కుదరదు.

ఇంట్లో మూలనపడ్డ పాత ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, పంతులుగారికి జానెడు దూరంలో పెట్టండి. కలశం నీళ్లు, దీపం నూనె తగలని చోటు చూసుకోండి. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు, లేదంటే ‘మండపం ఎక్కడ?’ అని ఎవరో ఫోన్ చేస్తారు, రికార్డింగ్ ఆగిపోతుంది. బెసెంట్ రోడ్డు వైపు వెళ్తే కాలర్ మైకు ఒకటి కొనుక్కోండి, ఇంకా మంచిది. కండువా మడత కింద పెడితే సర్దుకున్నప్పుడల్లా గరగరమంటుంది, పైకి కనిపించేలా పెట్టాలి. పంతులుగారికి ముందే ఒక మాట చెప్పండి.

అన్ని ఫోన్లూ ఆన్ చేశాక గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర బొమ్మనీ, విడిగా తీసిన సౌండ్‌నీ కలపాలి.

మొదట్లో కలిసిన మాటా పెదాలూ పోనుపోను విడిపోతున్నాయి

చాలా ఫోన్లు ఒకే ఫ్రేమ్ రేటుతో (సెకనుకు తీసే బొమ్మల లెక్క) తీయవు, మధ్యలో పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకోండి.

స్టేజి మీద నల్ల చారలు పాకుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. చవకరకం సీరియల్ లైట్లు అప్పటికీ మొండికేయొచ్చు. ముందురోజు సాయంత్రం డెకరేషన్ వాళ్లు లైట్లు వేసి చూసుకునేటప్పుడే మీరూ ఓ నిమిషం తీసి చూడండి.

జీలకర్ర బెల్లం టైముకి వీపులే పడ్డాయి

అడ్డుతెర దించగానే అందరూ అక్షింతలు పట్టుకుని లేస్తారు, లేవద్దని చెప్పినా ఎవరూ వినరు, చెప్పకూడదు కూడా. ఒక ఫోన్‌ని క్లాంపుతో మండపం స్తంభానికి తలల కంటే ఎత్తుగా బిగించేయండి. ఆ గంటసేపు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వెనక లైట్లకి పెళ్లికూతురి మొహం నల్లబడుతుంటే, స్క్రీన్ మీద మొహం దగ్గర వేలు నొక్కి పట్టి వెలుతురు లాక్ చేయండి.

ఫోన్ వేడెక్కి ఆగింది, లేదా మెమరీ నిండింది

మే నెల ముహూర్తాలకి మామూలే. కవర్ తీసేయండి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. ఫోన్‌ని బట్టి మారుతుంది గానీ, 1080పీలో గంటకి దాదాపు 8 జీబీ, 4కేలో 20 జీబీ దాకా పడుతుంది. ఇంట్లో టీవీలో చూసుకోవడానికి 1080పీ చాలు, వేడీ తక్కువ.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, ఎక్కినా టీవీలో ఆడదు

ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలు తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చండి. పాత టీవీ దాన్ని చదవకపోతే వీడియోని ముక్కలు చేయండి. ఎక్కాక కూడా బొమ్మ రాకపోతే ఫైలు హెచ్.265 అనే కొత్త వీడియో కుదింపు పద్ధతిలో ఉందేమో చూడండి, పాతదైన హెచ్.264కి మారిస్తే సరిపోతుంది.

యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ అంటోంది

వెనక సినిమా పాట వేసుంటారు. తీసేసి, మీరు రికార్డు చేసిన సన్నాయే వేయండి. వాళ్లు వాయించింది కూడా సినిమా పాటే అయితే, ఆ ముక్క వదిలేసి కీర్తన వాయించిన చోటు వెతుక్కోండి.